నేటి ముచ్చట: ఒకే పౌర్ణమి, ఇరుగుపొరుగున రెండు కార్తికాలు

బరంపురం చదువరి

రోజుకొక ముచ్చట చొప్పున మన ఆంధ్ర, ఒడిశా సరిహద్దు జిల్లాల భాష, చరిత్ర, ఆచారాలను ఇక్కడ చెప్పుకొంటున్నాము. ఈ రోజు వంతు నాది కనుక, ఊళ్ళో ఇప్పుడు అందరి కళ్ళ ఎదుట నడుస్తున్న విషయాన్నే ఎత్తుకొంటున్నాను.

కార్తిక పౌర్ణమి మరునాటి ఉదయం బరంపురంలో చేపల బజారు, మాంసం దుకాణాలు కిటకిటలాడతాయి. ఒడియావారు ఆ రోజును ఛాడఖాయి అంటారు. నెల పొడుగునా చేపలు, మాంసం లేని వ్రతభోజనమైన హవిష్యాన్నం తిని నియమంగా ఉన్నవారు, అంతకాలం ఉండలేక పంచుక అనే చివరి ఐదు రోజులను మాత్రమే పాటించినవారు, అందరూ ఆనాడు నియమం విడుస్తారు. ఏకాదశి నుంచి పౌర్ణమి వరకు సాగే ఆ ఐదు రోజులకు బక పంచుక అనే పేరు కూడా ఉన్నది. ఆ రోజుల్లో కొంగ సైతం చేపను ముట్టదని నమ్మకం. సరిగ్గా ఆ ఉదయమే, అదే వీధిలో ఉన్న తెలుగువారి ఇంట్లో ఇల్లాలు తులసికోట దగ్గర దీపం పెట్టి, ఇంకా రెండు సోమవారాలు మిగిలి ఉన్నాయని లెక్క చూసుకొంటూ ఉంటుంది. వారికి కార్తికం ముగిసింది, మనకు సగమే అయింది.

మన నెల అమావాస్యతో ముగుస్తుంది. దీపావళి అమావాస్య మరునాటి పాడ్యమితో కార్తికం మొదలై మళ్ళీ అమావాస్య దాకా నడుస్తుంది. దీనిని అమాంతం అంటారు. కన్నడిగులు, మరాఠీలు, గుజరాతీలు కూడా దీనినే పాటిస్తారు. ఒడిశాలోను, హిందీ ప్రాంతాల్లోను నెల పౌర్ణమితో ముగుస్తుంది కనుక, మన ఆశ్వయుజ పౌర్ణమిని కుమార పూర్ణిమగా జరుపుకొన్న మరునాడే వారికి కార్తికం వచ్చేస్తుంది. ఇది పూర్ణిమాంతం. అందువల్ల శుక్లపక్షంలో ఇరువురి నెల పేరూ ఒకటే, బహుళపక్షంలో వారు మనకంటే ఒక నెల ముందుంటారు. మనకు శ్రావణ బహుళాష్టమి నాడు వచ్చే కృష్ణాష్టమి వారికి భాద్రపద కృష్ణాష్టమి. మన మాఘ బహుళ చతుర్దశి నాటి శివరాత్రి వారికి ఫాల్గుణంలోది. పండుగ మాత్రం ఇద్దరికీ ఒక్క రోజునే వస్తుంది. ఎవరి లెక్క ఒప్పు, ఎవరిది తప్పు అని మన పిల్లల ముందు వాదించుకోవడం మానివేసి, రెండు లెక్కలూ వారికి నేర్పాలని నేను గట్టిగా కోరుకొంటున్నాను. ఈ నేల మీద పుట్టినవారికి అది ఉచితంగా దొరికే చదువు.

గోపాలపురం రేవు

చదువరి గారూ, ఛాడఖాయికి ముందటి తెల్లవారుజామును కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పౌర్ణమి నాడు ఇంకా చీకటి ఉండగానే ఒడియా కుటుంబాలు బోయిత బందాణకు నీటి ఒడ్డుకు చేరుకొంటాయి. అరటి దొప్పతోనో, బెండుతోనో, రంగు కాగితంతోనో చేసిన చిన్న పడవలో దీపం, పూలు, తమలపాకు, వక్క ఉంచి నీటిలోకి నెమ్మదిగా తోస్తారు. బోయిత అంటే పెద్ద ఓడ. పూర్వం సాధబులనే వర్తకులు ఈ తీరం నుంచి సింహళం, జావా, సుమత్రా, బలి దీవులకు ఓడలు నడిపేవారు. ఈశాన్యపు గాలి నిలకడగా వీచే రోజులు అప్పటికి వస్తాయి కనుక, ఈ పౌర్ణమి వారికి ప్రయాణపు ముహూర్తమైంది. కటకంలో మహానది ఒడ్డున జరిగే బలియాత్ర సంతకు కూడా ఆ జ్ఞాపకమే మూలం.

మన ఆడవాళ్ళు సరిగ్గా ఇదే అరటి దొప్పలో దీపం పెట్టి నీట వదలేది పోలి పాడ్యమి నాడు, అంటే కార్తిక అమావాస్య వెళ్ళిన మరునాటి వేకువన. బొందితో స్వర్గానికి వెళ్ళిన పోలి కథ చెప్పుకొని, ఆమెను సాగనంపుతున్నట్లుగా దీపాన్ని తోస్తారు. వారు ఓడను సాగనంపితే మనం ఒక కోడలిని సాగనంపుతున్నాము, ఇద్దరూ కార్తికపు చివరనే ఆ పని చేస్తున్నారు. నెల ఎక్కడ ముగుస్తుందన్న దానిలోనే పదిహేను రోజుల తేడా వచ్చింది. బరంపురం, గోపాలపురం ప్రాంతాల తెలుగిళ్ళలో చాలామంది రెండు రోజులూ దీపాలు వదులుతారు. అందులో నాకు ఏ అనౌచిత్యమూ కనబడదు.

రాయగడ విద్యార్థిని

పెద్దలందరికీ నమస్కారం. నాదొక సందేహం. మా ఇంట్లో ఉగాది నాడు పచ్చడి తిని పంచాంగ శ్రవణం చేస్తాము. కాని ఒడియా స్నేహితురాళ్ళందరికీ కొత్త సంవత్సరం ఏప్రిల్ నడుమ వచ్చే పణా సంక్రాంతి. నెల పౌర్ణమితో ముగుస్తుందా, అమావాస్యతో ముగుస్తుందా అన్న భేదమే దీనికీ కారణమా? అదీగాక ఆ పండుగను మహా విషువ సంక్రాంతి అంటారు. విషువం అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు కదా, అది మార్చిలోనే వెళ్ళిపోతుందని మాకు భూగోళంలో చెప్పారు.

జయపురం లెక్కల మాస్టారు

మంచి ప్రశ్న వేశావమ్మా. రెండింటికీ వేర్వేరు జవాబులున్నాయి.

మొదటిది. ఉగాదిని చంద్రుడు నిర్ణయిస్తాడు, పణా సంక్రాంతిని సూర్యుడు నిర్ణయిస్తాడు. చంద్రుడు సూర్యుని కంటే పన్నెండు డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి. అటువంటి ముప్పై తిథులకు ఒక చాంద్రమాసం. చైత్ర శుక్ల పాడ్యమి మన సంవత్సరాది. ఒడియావారు వ్రతాలకూ పండుగలకూ చాంద్రమాసాన్నే చూసినా, సంవత్సరారంభానికి మాత్రం సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే రోజును పట్టుకొన్నారు. ఇంకొక సంగతి గమనించు. పూర్ణిమాంత లెక్కలో ఉగాది నాటికి చైత్రం అప్పుడే సగం గడిచిపోయి ఉంటుంది. హిందీ ప్రాంతంవారు అలా నెల నడుమనే కొత్త సంవత్సరాన్ని ఒప్పుకొన్నారు, ఒడిశాలో సూర్యుని దారి పట్టారు.

రెండవది మరింత లోతైనది. భూమి తన అక్షం మీద గిరగిర తిరుగుతూనే, వేగం తగ్గిన బొంగరం తల ఊపినట్లు మెల్లగా ఊగుతుంది. ఆ ఊపు వల్ల విషువబిందువు, అంటే విషువం నాడు సూర్యుడు ఉండే చోటు, నక్షత్రాల నడుమ ఏటేటా వెనక్కు జరుగుతుంది. ఒక డిగ్రీ జరగడానికి సుమారు 72 ఏళ్ళు పడుతుంది. క్రీ.శ. 285 ప్రాంతంలో మేష సంక్రాంతి, వసంత విషువం ఒకే రోజున పడేవని మన పంచాంగ సంస్కర్తలు లెక్క తీసుకొన్నారు. అప్పటి నుంచి ఇప్పటికి దాదాపు 24 డిగ్రీల ఎడం ఏర్పడింది. దీనినే అయనాంశ అంటారు. సూర్యుడు రోజుకు ఇంచుమించు ఒక డిగ్రీ నడుస్తాడు కనుక, మార్చి 20 లేక 21కి 24 రోజులు కలిపి చూడు, ఏప్రిల్ 13 లేక 14 వస్తుంది. పండుగ పేరులో పాత విషువం అలాగే నిలిచి ఉన్నది, ఆకాశంలో మాత్రం జరిగిపోయింది. మన మకర సంక్రాంతిని ఉత్తరాయణ పుణ్యకాలమంటూ జనవరి నడుమ చేసుకోవడానికి కూడా ఇదే కారణం. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీలలో. మేఘనాథ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం సూచించిన జాతీయ పంచాంగం 1957 మార్చి 22న అమలులోకి వచ్చింది. అది విషువం మరునాటితోనే సంవత్సరాన్ని మొదలుపెట్టి ఈ ఎడాన్ని సరిదిద్దింది గాని, పండుగలను కదిలించడానికి ఎవరూ పూనుకోలేదు.

పణా సంక్రాంతి నాడు ఒడియా ఇళ్ళలో అడుగున చిల్లు పెట్టిన మట్టికుండను తులసి మొక్కకు పైన వేలాడదీస్తారు. చిల్లులో దర్భ దూర్చి నీళ్ళు పోస్తే చుక్క వెంట చుక్క వేరు మీద పడుతూ ఉంటుంది. మండువేసవి అంతా రోజూ కుండ నింపుతారు. నా ఉద్దేశంలో సౌరమానానికి ఇంతకంటే అర్థవంతమైన ఆనవాలు లేదు. ఎండ ముదిరే కాలాన్ని సూర్యుడే చెప్పగలడు, చంద్రుని నెల ఏటా అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది.

గుణుపురం కోడలు

ఈ చర్చ మా ఇంటి సమస్య దగ్గరికే వచ్చింది కనుక అడుగుతున్నాను. మా అత్తగారి అత్తగారు పోయిన తిథిని అప్పటి ఒడియా పురోహితుడు ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. అందులో పౌష కృష్ణ పంచమి, ధను 8 దినం అని ఉన్నది. ఇంగ్లీషు తేదీ లేదు, సంవత్సరం ఉన్న మూల చిరిగిపోయింది. మా మామగారు మార్గశిరంలో తద్దినం పెట్టేవారు. శ్రీకాకుళంలో స్థిరపడిన మా బావగారు కాగితంలో పౌషం అని స్పష్టంగా ఉన్నప్పుడు పుష్య బహుళ పంచమి నాడే పెట్టాలని అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిలబడుతుందో తెలియక ఇంట్లో ఏటా ఇదే మాట వస్తున్నది.

ఇచ్ఛాపురం పంచాంగప్రియుడు

అమ్మా, మీ మామగారు పెట్టినదే సరైన తిథి. కాగితం రాసినది ఒడియా పురోహితుడు కనుక అది పూర్ణిమాంతపు లెక్క. ఆ లెక్కలో పౌషం మార్గశిర పౌర్ణమి మరునాడే మొదలవుతుంది, దాని మొదటి పక్షమే కృష్ణపక్షం. తెలుగు పంచాంగంలో ఆ రోజులు మార్గశిర బహుళమే. మార్గశిర బహుళ పంచమి అని పురోహితునితో చెప్పండి. అదే కాగితంలో పౌష శుక్ల పంచమి అని ఉండి ఉంటే మార్చవలసిన పని ఉండేది కాదు.

ఈ సూత్రాన్ని సరిహద్దున ఉన్న ప్రతి తెలుగు కుటుంబమూ గుర్తుంచుకోవాలి. ఒడియా కాగితంలో కృష్ణపక్షం కనబడితే నెలను ఒకటి వెనక్కు జరపాలి, శుక్లపక్షమైతే ఉన్నది ఉన్నట్లు తీసుకోవాలి. ఇచ్ఛాపురం నుంచి బరంపురం వియ్యమందిన ఇళ్ళలో ఈ చిక్కు నేను తరచుగా వింటున్నాను. ఆబ్దికం నెల తప్పిపోవడం మనసుకు కష్టం కలిగించే విషయం, దీనిని తేలికగా వదిలివేయకూడదు.

జయపురం లెక్కల మాస్టారు

పంచాంగప్రియుడు గారి మాటకు ఆ కాగితంలోనే సాక్ష్యం ఉన్నది. ధను 8 దినం అన్న మూడు మాటలను చూడండి. ఒడియావారి పంచాంగమైన పంజికలో తిథితోపాటు సౌరమాసపు దినాన్ని కూడా రాస్తారు. సూర్యుడు ధనూరాశిలో ప్రవేశించిన రోజే వారికి ఆ నెలలో ఒకటవ దినం. ధనుస్సంక్రాంతి డిసెంబరు 15 లేక 16న వస్తుంది కనుక ఎనిమిదవ దినం డిసెంబరు 22 లేక 23.

ఇక చాంద్రమాసానికి పేరు ఎలా వస్తుందో చూద్దాము. ఒక అమావాస్య నుంచి మరొక అమావాస్య లోపల సూర్యుడు ధనుస్సులో ప్రవేశిస్తే అది మార్గశిరం, మకరంలో ప్రవేశిస్తే పుష్యం. ఈ నియమం ప్రకారం మన పుష్య బహుళ పంచమి ఎంత ముందుగా వచ్చినా జనవరి మొదటి వారానికి ముందు రాదు. డిసెంబరు 22 లేక 23న బహుళ పంచమి వచ్చిందంటే అది మార్గశిర బహుళమే అయి తీరాలి. సంవత్సరం చిరిగిపోయినా ఫరవాలేదు, సూర్యుడు సంతకం పెట్టి ఉన్నాడు. మీ బావగారికి ఈ లెక్కను చూపించండి, ఆయన తప్పక అంగీకరిస్తారు.

గుణుపురం కోడలు

మాస్టారికి, పంచాంగప్రియుడు గారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. బావగారికి ఈ రెండు జవాబులూ పంపించాను. ఈ ఏడు ఇద్దరన్నదమ్ములూ మార్గశిరంలోనే పెడతామన్నారు. కొత్త కాగితం మీద తెలుగు తిథి, ఒడియా తిథి, ధనుర్మాసపు దినం మూడూ రాయించి దేవుడి గదిలో పెట్టిస్తాను.

రాయగడ విద్యార్థిని

మాస్టారూ, ఒక చాంద్రమాసంలో సూర్యుడు ఏ రాశిలోనూ ప్రవేశించకపోతే అప్పుడు ఆ నెలకు ఏమి పేరు పెడతారు?

పర్లాకిమిడి వాసి

దీనికి నేను జవాబు చెబుతాను, ఎందుకంటే ఒడిశాలో అది అందరికీ తెలిసిన ఒక మహోత్సవానికి మూలం. సంక్రాంతి లేని ఆ నెలే అధికమాసం. తరువాతి నెల పేరునే దానికి పెట్టి అధిక అనే మాట చేరుస్తారు. ఒడియావారు మళమాసమనీ, పురుషోత్తమ మాసమనీ అంటారు. 19 సౌర సంవత్సరాలకు 235 చాంద్రమాసాలు దాదాపు సరిగ్గా సరిపోతాయి. పన్నెండు చొప్పున 228 పోగా మిగిలిన ఏడూ అధికమాసాలు. ఆ అధికం ఆషాఢానికి వచ్చిన ఏడాది పూరీ జగన్నాథునికి నవకళేబరం జరుగుతుంది, అంటే పాత దారుమూర్తుల స్థానంలో కొత్త వేపకొయ్యతో మూర్తులను చెక్కి ప్రతిష్ఠిస్తారు. 1977లోను, 1996లోను, 2015లోను జరిగింది. మన పంచాంగాల ప్రకారం అవి పింగళ, ధాత, మన్మథ నామ సంవత్సరాలు.

ఇందులో నాకు అన్నిటికంటే ఆనందం కలిగించేది వేరొకటి ఉన్నది. అధికమాసం రెండు లెక్కలలోనూ అమావాస్య మరునాడు మొదలై అమావాస్యతోనే ముగుస్తుంది. పూర్ణిమాంతంవారు నిజమాసపు, అంటే అదే పేరున్న అసలు నెల, కృష్ణపక్షానికీ శుక్లపక్షానికీ నడుమ దానిని ఇముడుస్తారు. కనుక మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మన నెల, వారి నెల పూర్తిగా ఒకటిగా నడిచేది అధికమాసంలోనే.

కాలగణన మాట వచ్చింది గనుక అంకాల సంగతి కూడా చెబుతాను. ఒడిశాను ఏలిన గంగ రాజులు, గజపతులు తమ పాలనా సంవత్సరాలను అంకం అనే లెక్కతో చెప్పేవారు. భాద్రపద శుక్ల ద్వాదశి నాటి సునియాతో అంకం మారుతుంది. మనకు అది వామన జయంతి. ఈ లెక్కలో ఒకటిని, ఆరుతో ముగిసే అంకెలను, పది తప్ప సున్నతో ముగిసే అంకెలను వదిలివేస్తారు. రాజు గద్దెనెక్కిన మొదటి ఏడే రెండవ అంకం. ఐదు తరువాత ఏడు, పదిహేను తరువాత పదిహేడు, పందొమ్మిది తరువాత ఇరవై ఒకటి వస్తాయి. ఈ విధంగా లెక్కిస్తే 25వ అంకం అన్నది నిజానికి 21వ పాలనా సంవత్సరం. శ్రీకూర్మం, సింహాచలం గోడల మీది శాసనాలను చదివే మన తెలుగు విద్యార్థులు ఈ నియమాన్ని ముందుగా నేర్చుకోవాలి, లేకుంటే శకవర్షంతో సరిచూసినప్పుడు నాలుగైదేళ్ళు తేడా వచ్చి శాసనమే తప్పని అనుకొంటారు.

బరంపురం చదువరి

పర్లాకిమిడి వారు ధాత సంవత్సరం మాట ఎత్తగానే నాకు 1936 స్ఫురించింది. అరవయ్యేళ్ళు వెనక్కు వెళితే అది కూడా ధాతయే. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఆరు జిల్లాలతో ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిన గంజాం, కోరాపుట్ ప్రాంతాలు అందులో చేరాయి, పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. ఆనాడు తెలుగువారి పంచాంగంలో కొత్త సంవత్సరం వచ్చి చైత్ర శుక్లపక్షం నడుస్తున్నది, ఒడియావారి పంజికలో పాత సంవత్సరానికి ఇంకా కొన్నాళ్ళ ఆయువు ఉన్నది. ఒకే రోజును ఒక ఇంట్లో ఏడాది మొదలుగా, పక్కింట్లో ఏడాది చివరగా చూసి ఉంటారు.

ఒడియా పంజిక మాట చెప్పుకొన్నప్పుడు పఠాణి సామంతుడనే సామంత చంద్రశేఖరుని స్మరించాలి. 1835లో ఖండపడాలో పుట్టిన ఆ మహానుభావుడు దుర్భిణి లేకుండా, వెదురుతోను, కర్రతోను తానే చేసుకొన్న మానయంత్రంతో గ్రహగతులను కొలిచి సంస్కృతంలో సిద్ధాంత దర్పణం రాశాడు. అది 1899లో కలకత్తాలో అచ్చయింది. పూరీ ఆలయపు పంజిక ఆయన గణితాన్నే అనుసరిస్తుంది. మన పంచాంగాలలో కూడా పాత సిద్ధాంత గ్రంథాల గణితాన్ని పట్టే పూర్వపద్ధతి, ఆకాశంలో కనబడే గ్రహస్థితిని పట్టే దృక్పద్ధతి అనే భేదం ఉండడం వల్లనే అప్పుడప్పుడు ఒక పండుగ రెండు రోజులలో పడుతున్నది. కనుక ఒడియా తిథి ఘడియలు మన ఘడియలతో కొద్దిగా కలవనప్పుడు ఎవరూ తొందరపడి తప్పుపట్టవద్దని నా మనవి.

గుణుపురం కోడలు

ఇంకొకటి అడిగి ముగిస్తాను. మార్గశిర లక్ష్మివారాల పూజ మాకూ ఉన్నది, ఒడియావారికీ ఉన్నది. వారు మాణబసా గురుబార అంటారు. బియ్యపు పిండిని నీళ్ళలో కలిపి, వేళ్ళు ముంచి గడప నుంచి పీట దాకా లక్ష్మీపాదాలు, వరి కంకులు వేస్తారు; ఆ ముగ్గును ఝోటి అంటారు. మాణ అనే కొలపాత్రలో కొత్త ధాన్యం నింపి దానినే లక్ష్మిగా కొలుస్తారు. మా పక్కింటివారు ఛాడఖాయి వెళ్ళిన మొదటి గురువారమే మొదలుపెట్టబోతున్నారు, నన్నూ పిలిచారు. మాకింకా కార్తికమే కదా, నేను ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఇచ్ఛాపురం పంచాంగప్రియుడు

పక్కింటి పిలుపునకు తప్పక వెళ్ళండమ్మా, కార్తికంలో లక్ష్మీపూజ చూడడానికి ఏ నిషేధమూ లేదు. మీ ఇంటి పూజను మాత్రం పోలి పాడ్యమి తరువాత వచ్చే మొదటి లక్ష్మివారం నాడు మొదలుపెట్టి, మార్గశిర అమావాస్య లోపల వచ్చే చివరి లక్ష్మివారంతో ముగించండి. వారికి పౌర్ణమితో పూజలు అయిపోతాయి, మీకు మరో రెండు వారాలు ఉంటాయి. నడుమ శుక్లపక్షంలో వచ్చే లక్ష్మివారాలు ఇద్దరివీ ఒకటే కనుక, ఆ రోజుల్లో మీరు వారిని పిలవండి.